స్పీడ్ ముందొచ్చింది, బ్రేకు వెనకొచ్చింది: చిన్న కారు బ్రేకుల కథ

 

ఈరోజు ఎపిసోడ్ మా బాన్సువాడలో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతా. మొన్న సాయంత్రం మా ఇంటి ముందు ఒక చిన్న కారు ఆగింది. 2012 మోడల్, సెకండ్ హ్యాండ్. మా వీధి తమ్ముడే కొన్నాడు. కొత్త అల్లాయ్ వీల్స్ వేయించాడు, కొత్త హారన్ పెట్టించాడు, మ్యూజిక్ సిస్టం అయితే చెప్పనే అక్కర్లేదు. దిగి వచ్చి, "అన్నా, ఇప్పుడు బ్రేకులు అప్‌గ్రేడ్ చేద్దామనుకుంటున్నా. ముందర పెద్ద డిస్కులు, వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు. ఎట్లుంటది?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. ఎందుకంటే మన దగ్గర కారు కొన్నోళ్లు మైలేజీ అడుగుతారు, పికప్ అడుగుతారు, రంగు అడుగుతారు. బ్రేకు గురించి అడిగేటోళ్లు తక్కువ. కానీ ఆ తమ్ముడికి వెంటనే జవాబు చెప్పలేదు నేను. "ఒక కథ చెప్తా, విన్నాక నువ్వే చెప్పు ఏం చేయాలో" అన్నా. ఆ కథే ఈరోజు మీకు కూడా చెప్తున్నా. దాదాపు 140 ఏళ్ల కథ ఇది. ఇందులో ఒక చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు, ఒక నిజాం కారు ఉంది, ఒక ఘాట్ రోడ్డు ఉంది. చివర్లో మళ్లీ బాన్సువాడకే వస్తాం.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. కార్లు రాకముందు మనకున్నది ఎడ్లబండి. ఎడ్లబండికి బ్రేకు ఏంది? ఎడ్లే. పగ్గం లాగితే ఎడ్లు ఆగుతాయి, ఎడ్లు ఆగితే బండి ఆగుతుంది. మనిషి నడిచినంత స్పీడుకు అది చాలు. లాగే ప్రాణమే ఆపే ప్రాణం కూడా. సమస్య ఎప్పుడు మొదలైందంటే, ఎడ్లను తీసేసి ఆ చోట ఇంజన్ పెట్టినప్పుడు. ఇంజన్ లాగడమైతే లాగుతుంది గానీ, పగ్గం లాగితే ఆగదు కదా!

1880లలో జర్మనీలో కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారు బండి తయారు చేశాడు. దానికి బ్రేకు ఎట్లుండేది? ఒక లివర్ లాగితే దిమ్మె పోయి చక్రానికి ఒత్తుకుంటుంది. గుర్రబ్బగ్గీలకు వాడిన పద్ధతే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా ఆ బండిలో బయల్దేరింది. వంద కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ దూరం. మోటారు కారులో అంత దూరం ప్రయాణం చేయడం ప్రపంచంలో అదే మొదటిసారి.

దారిలో దిగుడు రోడ్లు వచ్చినప్పుడు బ్రేకు అరిగిపోయింది. అప్పుడు ఆమె ఏం చేసిందో తెలుసా? ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోయి, ఆ బ్రేకు దిమ్మెల మీద తోలు ముక్కలు కొట్టించింది. అంతే. బ్రేకు పట్టింది, ప్రయాణం సాగింది. ఈరోజు మనం మెకానిక్ దగ్గరికి పోయి "లైనర్లు మార్చు" అంటున్నాం కదా, ఆ లైనర్‌కు ముత్తాత ఆ తోలు ముక్కే. చిన్న కారు బ్రేకు అప్‌గ్రేడ్ అంటే చరిత్రలో మొట్టమొదటిది ఇదే అనుకోవచ్చు. అది కూడా షోరూంలో కాదు, రోడ్డు మీద, అవసరం పడ్డాక జరిగింది. ఈ "అవసరం పడ్డాక" అనే మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దీని చుట్టే తిరుగుతది.

ఇంకొక ఆయన, హెర్బర్ట్ ఫ్రూడ్, ఇంగ్లండ్ మనిషి. కొండల ప్రాంతంలో గుర్రబ్బండ్ల వాళ్లు దిగుడులో పాత బూట్లను బ్రేకు దిమ్మెకు కట్టి వాడుతుంటే ఆయన చూశాడని చెప్తారు. పాత బూటు పట్టినట్టు కట్టె పట్టట్లేదు. మరి దానికోసమే ఒక వస్తువు తయారు చేస్తే? అట్లా 1897లో ఫెరోడో అనే కంపెనీ మొదలైంది. ఆయన ఇంటిపేరు అక్షరాలు అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపితే ఫెరోడో. తర్వాత రోజుల్లో లైనర్లలో ఆస్‌బెస్టాస్ కలిపారు, ఎందుకంటే అది వేడికి కాలిపోదు. కానీ దాని దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని తర్వాత తెలిసింది. అందుకే పాత బండి డ్రమ్ విప్పినప్పుడు ఆ నల్ల దుమ్మును నోటితోనో, గాలి పైపుతోనో ఊదకండి. తడి గుడ్డతో తుడవమని మీ మెకానిక్ అన్నకు కూడా చెప్పండి.

సరే, ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. చౌమహల్లా ప్యాలెస్‌కు పోయినోళ్లు ఒక పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. వెనక సింహాసనం లాంటి సీటు ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డర్ ఇచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. ఆ ఏడాదే ఆయన చనిపోయాడు, బండి ఏడో నిజాం కాలంలో వచ్చింది. మీరు అక్కడ సెల్ఫీ దిగి వచ్చి ఉంటారు. కానీ ఒక సంగతి ఎవరూ చూడరు. సిల్వర్ ఘోస్ట్ కార్లకు ముందు చక్రాల బ్రేకులు వచ్చింది 1923 చివర్లో. అంటే నిజాం సింహాసనం ఉన్న ఆ కారుకు కంపెనీ ఇచ్చిన బ్రేకులు వెనక చక్రాలకే! ఇప్పుడు మన తమ్ముడు కొన్న సెకండ్ హ్యాండ్ బండికి నాలుగు చక్రాలకూ బ్రేకులున్నాయి. రాజుగారి కారు కంటే మన కారు బాగా ఆగుతుంది.

ముందు చక్రాలకు బ్రేకు ఎందుకు ముఖ్యం? బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవర్ సడన్‌గా బ్రేకు కొడితే మనం ముందుకు పడతాం కదా. బండి బరువు కూడా అట్లనే ముందుకు వాలుతుంది. వెనక చక్రాలు తేలికవుతాయి, ముందు చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. ఆపే పని ఎక్కువ భాగం ముందు చక్రాలదే. కానీ ఆ రోజుల్లో ఇంజనీర్లకే భయం ఉండేది, ముందు చక్రాలకు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుందేమో, స్టీరింగ్ పట్టు తప్పుతుందేమో అని. ఆ భయం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంకో సమస్య ఉంది. అప్పట్లో బ్రేకులు రాడ్లతో, వైర్లతో పని చేసేవి, మన సైకిల్ బ్రేకు లాగా. నాలుగు చక్రాలకూ సమానంగా పట్టాలంటే నాలుగు వైర్లూ ఒకే బిగువు ఉండాలి. ఒకటి వదులైతే బండి పక్కకు గుంజుతుంది. దీనికి పరిష్కారం అమెరికాలో మాల్కమ్ లాగ్‌హెడ్ అనే ఆయన చూపించాడు. విమానాల కంపెనీ లాక్‌హీడ్ పేరు విన్నారా? దాన్ని మొదలుపెట్టిన అన్నదమ్ముల్లో ఒకడు ఈయన. వైర్ల బదులు పైపులో ద్రవం నింపాడు. ద్రవాన్ని ఒక చోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పోతుంది. స్కూల్లో పాస్కల్ సూత్రం చదివి మర్చిపోయాం కదా, అదే ఇది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఇట్లాంటి హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. మీ కారులో మెకానిక్ పోసే "బ్రేక్ ఆయిల్" కథ అక్కడ మొదలైంది. దాన్ని మనం ఆయిల్ అంటాం గానీ నిజానికి అది ఆయిల్ కాదు. ఆ తేడా ఎంత ముఖ్యమో కాసేపట్లో చెప్తా.

ఇదే కాలంలో మన వైపు ఏం జరుగుతోంది? 1923లో మంజీర మీద నిజాంసాగర్ పని మొదలైంది, 1931కి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీర్‌గా కట్టించాడు. బాన్సువాడ, బోధన్ వైపు నీళ్లొచ్చాయి, వరి వచ్చింది, చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. పంట పెరిగితే బండ్లు పెరుగుతాయి, బండ్లు పెరిగితే రోడ్డు కావాలి. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టారు. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఈరోజు మనం ఎక్కే ఆర్టీసీకి పునాది అది. స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు మన మట్టి రోడ్ల మీద తిరిగాయి. ఒకే రోడ్డు మీద పగ్గం లాగితే ఆగే ఎడ్లబండి, పెడల్ తొక్కితే ఆగే బస్సు, రెండూ పక్కపక్కన. ఈ ముచ్చట ఇప్పటికీ మారలేదు. మెదక్, ఎల్లారెడ్డి, బాన్సువాడ మీదుగా రుద్రూర్ దాకా పోయే మన రోడ్డు ఇప్పుడు నేషనల్ హైవే 765డి. దాని మీద లారీ, ట్రాక్టర్, గేదె, స్కూటీ, అంచున ఆరబోసిన వడ్లు, అన్నీ ఉంటాయి. రోడ్డు వంద స్పీడుకు పిలుస్తుంది. ముందున్నది పది స్పీడులో పోతుంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తా. బోర్ కొట్టదు, ప్రామిస్.

స్పీడు రెట్టింపైతే ఆపాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. మనుషులతో కలిపి 900 కిలోల చిన్న కారు 80 స్పీడులో పోతోందనుకోండి. దాన్ని పూర్తిగా ఆపినప్పుడు పుట్టే వేడితో ముప్పావు లీటరు నీళ్లు మరగబెట్టొచ్చు. అంటే ఒక్క బ్రేకుకు ఒక గిన్నె చాయ్! బ్రేకు అంటే ఏంది మరి? కదలికను వేడిగా మార్చే పొయ్యి. మంచి బ్రేకు అంటే ఆ వేడిని తట్టుకొని, గాలికి వదిలేసి, మళ్లీ వెంటనే ఇంకో గిన్నె పెట్టగలిగేది.

దూరం లెక్క కూడా చూడండి. మంచి పొడి రోడ్డు మీద 40 స్పీడులో బ్రేకు పడ్డాక దాదాపు 9 మీటర్లలో ఆగే బండి, 80 స్పీడులో దాదాపు 36 మీటర్లు తీసుకుంటుంది. దీనికి ముందు మన మెదడు తీసుకునే టైం కలపాలి. ఒక్క సెకను అనుకున్నా 80 స్పీడులో ఇంకో 22 మీటర్లు పోతుంది. మొత్తం 58 మీటర్లు. ఆ సెకనులో ఫోన్ చూస్తున్నారనుకోండి, ఇక ఏ డిస్కూ మిమ్మల్ని కాపాడదు.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. డ్రమ్ గొప్పదా, డిస్కు గొప్పదా?

ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ బ్రేకును, ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకును, రెండూ 1902 ప్రాంతంలోనే తెచ్చారు. ఇద్దరూ ఒకే టైంకు మొదలైనా డ్రమ్ గెలిచింది. ఎందుకు? డ్రమ్ అంటే డోలు లాంటి గిన్నె, లోపల రెండు షూలు. తిరుగుతున్న డ్రమ్ము షూను తనవైపు ఇంకా గట్టిగా లాక్కుంటుంది. కాలితో తక్కువ తొక్కినా ఎక్కువ పట్టు. అంతా మూసి ఉంటుంది కాబట్టి దుమ్ము తక్కువ, తయారీ చౌక. హ్యాండ్ బ్రేకుకు కూడా సులువు. లాంచెస్టర్ డిస్కులో రాగి ప్యాడ్లు వాడితే అది చెవులు పగిలేలా అరిచేదట.

కానీ డ్రమ్ముకు ఒక బలహీనత ఉంది, వేడి. వేడెక్కితే ఇనుము వ్యాకోచిస్తుంది. డ్రమ్ పెద్దదై షూకు దూరం జరుగుతుంది. పెడల్ ఇంకా కిందికి పోతుంది, పట్టు తగ్గుతుంది. మూసి ఉన్న గిన్నె కాబట్టి వేడి బయటికి పోదు, నీళ్లు పోతే త్వరగా ఆరవు. డిస్కు అట్లా కాదు, గాలిలో తిరుగుతుంది. 1953లో ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసులో జాగ్వార్ సి టైప్ కార్లు డిస్కు బ్రేకులతో దిగి గెలిచాయి. మిగతా వాళ్లు మలుపుకు చాలా ముందే బ్రేకు మొదలుపెట్టాల్సి వచ్చేది, వీళ్లు ఆలస్యంగా తొక్కినా ఆగేవాళ్లు. 1955లో సిట్రోయెన్ డీఎస్ అనే మామూలు రోడ్డు కారుకు ముందు డిస్కులు వచ్చాయి.

మరి చిన్న కారుకు? 1959లో అలెక్ ఇసిగోనిస్ డిజైన్ చేసిన మినీ వచ్చింది. పది ఇంచుల బుల్లి చక్రాలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ములు. జాన్ కూపర్ అనే రేసు కార్ల ఆయన ఆ బండిని చూసి, దీని ఇంజన్ పెంచితే అదిరిపోతుంది అనుకున్నాడు. 1961లో మినీ కూపర్ వచ్చింది. ఇంజన్ పెంచారు. ఒక్క ఇంజనే కాదు, ముందు చక్రాలకు ఏడు ఇంచుల చిన్న డిస్కులు కూడా పెట్టారు. తర్వాత వచ్చిన కూపర్ ఎస్‌కు ఏడున్నర ఇంచుల డిస్కులు ఇచ్చారు. 1964లో ఆ కూపర్ ఎస్ పెద్ద పెద్ద కార్లను దాటి మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. స్పీడు పెంచిన రోజే బ్రేకు కూడా పెంచారు, అది కూడా కంపెనీయే లెక్క కట్టి. చిన్న కారు బ్రేకు అప్‌గ్రేడ్ అంటే అసలు పద్ధతి అది.

మన దేశంలో అప్పుడు అంబాసిడర్, ఫియట్. ఆ ఫియటే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. ఏళ్ల తరబడి వాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అందుకే ఆ తరం డ్రైవర్లు ఒక విద్య నేర్చుకున్నారు: పంపింగ్. బ్రేకును తొక్కి వదిలి, తొక్కి వదిలి ఆపడం. పెడల్ దిగిపోయినప్పుడు పంపింగ్ చేస్తే మళ్లీ పైకొస్తుంది. చక్రం లాకై జారినప్పుడు వదిలితే మళ్లీ తిరుగుతుంది. వాళ్ల బండికి అది సరైన విద్యే.

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో మొదటి మారుతి 800 తాళాలు అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా కొన్నాయనకు అందాయి. ఆ బండి మన మధ్యతరగతి బతుకు మార్చింది. 2014 దాకా తయారైంది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించిన 800లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మా ఇంట్లో కూడా ఒకటి ఉండేది. 2009లో టాటా నానో మార్కెట్‌లోకి వచ్చింది. దానికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. బండి బరువు 600 కిలోలు, టాప్ స్పీడ్ 105. ఆ బరువుకు, ఆ స్పీడుకు, ఆ ధరకు కంపెనీ వేసుకున్న లెక్క అది. డ్రమ్ అంటే చెడ్డది, డిస్కు అంటే మంచిది అని ఒక్క మాటలో తేల్చలేం. బండి బరువు, స్పీడు, బ్రేకు మూడూ ఒకదానికొకటి సరిపోవాలి.

ఇప్పుడు మా ఇంటి కథ. మా బాపు 800 అది, 1997 మోడల్. బూస్టర్ కూడా లేదు, కాలి బలమే. 2006లో ఆదిలాబాద్‌లో పెళ్లికి పోయాం. అయిదుగురం, డిక్కీ నిండా సామాన్లు. తిరిగొచ్చేటప్పుడు నేరడిగొండ దాటి పాత రోడ్డు మీద మహబూబ్ ఘాట్ దిగుతున్నాం. మా బాపుకు ఒక అలవాటు, దిగుడు వస్తే న్యూట్రల్ చేయడం. పెట్రోల్ మిగులుతది అని. న్యూట్రల్‌లో బండిని పట్టుకునేది బ్రేకు ఒక్కటే. మలుపు మలుపుకూ తొక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. ఇంకో రెండు మలుపుల తర్వాత పెడల్ మెత్తగా నేలకు పోయింది. స్పాంజి తొక్కినట్టు.

మా బాపు ఏం మాట్లాడలేదు. పంపింగ్ చేశాడు, కొంచెం పట్టింది. మూడో గేరు వేశాడు, తర్వాత రెండోది. ఇంజన్ గట్టిగా అరిచింది. హ్యాండ్ బ్రేకు మెల్లమెల్లగా లాగాడు. కొండ వైపు అంచుకు రాసుకుంటూ బండి ఆగింది. వెనక సీట్లో మా అమ్మ నా చెయ్యి పట్టుకున్న చోట గోర్లు దిగిన గుర్తులు రెండు రోజులు ఉన్నాయి.

ఇంకో విచిత్రం చెప్తా. అరగంట ఆగాక పెడల్ మామూలుగా గట్టిపడింది! ఏం జరగనట్టే. మెల్లగా నిర్మల్ దాకా వచ్చాం. అక్కడ మెకానిక్ బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూపించాడు. కాఫీ డికాషన్ లాగా ఉంది. "ఎప్పుడు మార్పించారు సార్?" అని అడిగాడు. మా బాపు "అది కూడా మార్చాల్నా?" అన్నాడు. బండి కొన్నప్పటి నుంచీ తగ్గితే పోయడమే, మార్చింది లేదు.

ఇందాక అది ఆయిల్ కాదు అన్నా కదా. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు అని ప్రమాణం. తేమ పీల్చాక ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తది 230, తేమ పట్టింది 155. ఘాట్ మీద బ్రేకు వేడికి ఆ పాత ద్రవం పైపులో మరిగింది, ఆవిరి బుడగలు వచ్చాయి. ద్రవం ఒత్తిడికి నలగదు, ఆవిరి నలిగిపోతుంది. కాలు తొక్కిన బలమంతా ఆ బుడగలు తినేశాయి. చల్లారాక బుడగలు మళ్లీ ద్రవం అయ్యాయి, పెడల్ గట్టిపడింది. చాలామంది ఇక్కడే మోసపోతారు, "బాగైపోయింది" అనుకుంటారు. ఆ రోజు మా ప్రాణాలు ఒక సీసా బ్రేక్ ఆయిల్ మీద ఆధారపడి ఉండె.

అప్పుడు మా కారుకు వెనక కూడా డిస్కులు ఉంటే కాపాడేవా? చాలా వరకు కాదు. పాత ద్రవం ఎంత పెద్ద డిస్కుతోనైనా వేడెక్కితే మరుగుతుంది.

కథలో చివరి మెట్టు ఏబీఎస్. 1978లో బాష్ తయారు చేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో ఇచ్చారు. చక్రం లాక్ అవబోతుంటే కంప్యూటర్ పసిగట్టి, బ్రేకును సెకనులో చాలాసార్లు వదిలి పట్టుకుంటుంది. అంటే మన పాత డ్రైవర్ల పంపింగ్ విద్యే, మనిషి కాలు చేయలేనంత వేగంగా. లాభమేంటంటే ఫుల్ బ్రేకులో కూడా స్టీరింగ్ తిప్పి తప్పించుకోవచ్చు. మన దేశంలో కొత్త మోడల్ కార్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి చేశారు. బైకులకు కూడా అప్పుడే, 125 సీసీ దాటితే ఏబీఎస్ అన్నారు. 1978 నుంచి 2019, నలభై ఏళ్లు పట్టింది ఒక సామాన్యుడి కారుకు చేరడానికి. చూశారా, మళ్లీ స్పీడే ముందొచ్చింది, బ్రేకు వెనకొచ్చింది.

ఒక జాగ్రత్త. మీ బండికి ఏబీఎస్ ఉంటే పంపింగ్ చేయొద్దు. గట్టిగా తొక్కి పట్టుకోండి. పెడల్ గడగడా వణుకుతుంది, భయపడి కాలు తీయొద్దు. మీ నాన్న పంపింగ్ నేర్పితే ఆయన తప్పు చెప్పినట్టు కాదు, ఆయన బండి వేరు. మీ బండికి ఏది ఉందో ముందు తెలుసుకోండి.

ఇప్పుడు మళ్లీ బాన్సువాడకు, మన తమ్ముడి కారు దగ్గరికి. నేను చెప్పింది ఇది.

తమ్మీ, ముందు కొత్తది పెట్టడం కాదు, ఉన్నదాన్ని కొత్తదానిలా చెయ్యి. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించు, ఎయిర్ తీయించు. రెండేళ్లకోసారి మార్చాలి. ఏ డాట్ నంబరో డబ్బా మూత మీద, బండితో వచ్చిన బుక్‌లో రాసుంటుంది. నాలుగు చక్రాలూ విప్పించి ప్యాడ్లు, షూలు ఎంత మిగిలాయో నీ కళ్లతో చూడు. డిస్కుకు గాడి పడిందా, వీల్ సిలిండర్ దగ్గర తడి ఉందా, రబ్బరు పైపులు పగుళ్లు ఇచ్చాయా చూడు. మంచి ప్యాడ్లు బిల్లుతో కొను, సగం ధరకు వచ్చే నకిలీలు వద్దు. నూటికి ఎనభై బండ్లకు అని నేను లెక్క చెప్పను గానీ, పాత బండి బ్రేకు బాగాలేదు అంటే మొదట చూడాల్సినవి ఇవే.

తర్వాత టైర్లు. బండిని ఆపేది బ్రేకు కాదు, బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపేది టైరు. ఒక్కో టైరు రోడ్డును తాకేది దాదాపు అరచేయంత జాగాలోనే. ఆరబోసిన వడ్ల మీదికి పోతే ఆ అరచేయి కింద గింజలు గోలీల్లా దొర్లుతాయి. అక్కడ లక్ష రూపాయల బ్రేకు కూడా పనికిరాదు. అరిగిన టైరు మీద పెద్ద డిస్కు పెడితే చక్రం తొందరగా లాక్ అవుతుంది, అంతే.

ఇక పెద్ద డిస్కులు. వేరే బండివి తెచ్చి బిగిస్తే ముందు వెనక బ్రేకుల సమతూకం చెడుతుంది. వెనక చక్రాలు ముందు లాకైతే బండి బొంగరంలా తిరుగుతుంది. మాస్టర్ సిలిండర్ సరిపోదు, హ్యాండ్ బ్రేకు కుదరదు. జాన్ కూపర్‌కు ఇంజనీర్లు, టెస్ట్ ట్రాకు ఉన్నాయి, మనకు సందు చివర గ్యారేజీ ఉంది. పైగా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర మొదటి ప్రశ్న ఇదే వస్తుంది.

చివరిది నీ కాలు. దిగుడులో న్యూట్రల్ వద్దు, ఇంజన్ ఆపడం అసలే వద్దు. బూస్టర్ ఇంజన్ మీదే బతుకుతుంది. ఇంజన్ ఆగితే రెండు మూడు తొక్కుళ్లకు దాని బలం అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా మారుతుంది. ఎక్కిన గేరులోనే దిగు. నీళ్లు దాటాక మెల్లగా పోతూ రెండు మూడు సార్లు బ్రేకు తొక్కి డ్రమ్ములు ఆరబెట్టు. ముందు బండికి దూరం వదులు.

ఆ తమ్ముడు అంతా విని, "అంటే అన్నా, అల్లాయ్‌లకు పెట్టిన పైసలు ముందు టైర్లకు, బ్రేకులకు పెట్టాల్సింది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నా. మరుసటి రోజు బస్టాండ్ దగ్గర గ్యారేజీలో వాడి కారు జాకీ మీద కనిపించింది. నాలుగు చక్రాలూ విప్పి ఉన్నాయి. వెనక ఎడమ వైపు సిలిండర్ లీకై షూ అంతా తడిసి ఉందట. ఇన్ని రోజులు మూడు బ్రేకులతో తిరిగాడన్నట్టు. అదే బండిలో వాళ్ల చెల్లెను రోజూ కాలేజీకి దింపుతాడు.

బెర్తా బెంజ్ బ్రేకు అరిగాకే తోలు కొట్టించింది. మా బాపు పెడల్ పోయాకే మూత తీయించాడు. ఇద్దరూ బతికారు కాబట్టి కథ చెప్పుకుంటున్నాం. మీరు మాత్రం అంతదాకా ఆగొద్దు. ఈ ఆదివారం బండి బానెట్ ఎత్తి ఆ చిన్న డబ్బా చూడండి. లోపల తేనె రంగులో ఉందా, డికాషన్ రంగులో ఉందా? డికాషన్ అయితే నేరుగా మెకానిక్ దగ్గరికి పొండి. మీ బండి సంగతే కాదు, మీ నాన్న బండి కూడా చూడండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా పైలం. ఉంటా మరి.